రాగాల ఇంట పుట్టి ఛందస్సు వదిలేసిన కవి

హిందీ సాహిత్యం చదివినవాళ్లకు ఆయన 'అధ్యాపక్ పూర్ణసింహ్'. మహావీర్ ప్రసాద్ ద్వివేది 'సరస్వతి' పత్రిక నడిపిన రోజుల్లో గుప్పెడంటే గుప్పెడు వ్యాసాలు రాసి, వాటితోనే హిందీ గద్య చరిత్రలో చోటు సంపాదించాడు. 'మజ్‌దూరీ ఔర్ ప్రేమ్' అనే వ్యాసం చదవకుండా హిందీ ఎం.ఏ. గట్టెక్కినవాళ్లు తక్కువ. పంజాబీలకు ఆయన 'ప్రొఫెసర్ పూరన్ సింగ్'. వాళ్ల భాషలో వచన కవితకు దారి తీసినవాడు. ఇక మూడో చోట, డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థ పాత ప్రచురణల్లో, కవి ఊసే ఉండదు. నీలగిరుల యూకలిప్టస్ నూనె మీద, తోళ్లు ఊనడానికి కరక్కాయలు ఏ కాలంలో ఏరితే మంచిదనే దాని మీద నోట్స్ రాసిన ఒక కెమిస్ట్ కనిపిస్తాడు.

ముగ్గురూ ఒకడే. 1881లో పుట్టి 1931లో పోయాడు. ఆ యాభై ఏళ్లలోనే సిక్కుగా పుట్టి, టోక్యోలో బౌద్ధ భిక్షువై, అక్కడే వేదాంత సన్యాసి అయి, ఇంటికొచ్చి సంసారి అయి, మళ్లీ సిక్కు అయ్యాడు. ఇదంతా చదివితే 'పాపం, నిలకడ లేని మనిషి' అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. ఆయన కవిత్వం గురించి చెప్పేటప్పుడు కూడా చాలామంది 'అమెరికన్ కవి వాల్ట్ విట్‌మన్‌ని పంజాబీలోకి దించాడు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ రెండు మాటలూ సగం నిజాలే అని నా అభిప్రాయం. మిగతా సగం తెలియాలంటే ఆయన పుట్టిన ఇంట్లో కవిత్వం అంటే ఏమిటో ముందు చూడాలి.

సిక్కుల పవిత్ర గ్రంథం 'గురు గ్రంథ్ సాహిబ్' గురించి మనకు తెలిసింది తక్కువ. గురుద్వారాలో చాందినీ కింద పెట్టి వింజామర వీస్తారని తెలుసు, లంగర్‌లో భోజనం బాగుంటుందని తెలుసు. లోపల ఏముందో చూసినవాళ్లు అరుదు. చూస్తే మాత్రం, తాళ్లపాక వారి రాగిరేకులు ఎరిగినవాళ్లకు అది కొత్తగా అనిపించదు. అన్నమయ్య రేకుల్లో ప్రతి సంకీర్తనకూ రాగం పేరు చెక్కి ఉంటుంది కదా, ఇక్కడా అంతే. గురు అర్జున్ 1604లో అమృత్‌సర్‌లో కూర్పు చేయించినప్పుడు పాటల్ని విషయాన్ని బట్టి పేర్చలేదు, కాలక్రమంలోనూ పేర్చలేదు. రాగాన్ని బట్టి పేర్చాడు. ఇప్పుడున్న 1430 పేజీల ప్రతిలో శ్రీరాగంతో మొదలై జైజావంతితో ముగిసే 31 రాగాలున్నాయి. పుస్తకంలో అధ్యాయాల పేర్లు అంటే ఆ రాగాల పేర్లే.

ప్రతి పాట నెత్తిన చిన్న సూచన ఉంటుంది. 'ఆసా, మహలా 1, ఘరు 2' అన్నట్టుగా. ఆసా రాగం పేరు. మహలా 1 అంటే మొదటి గురువు, నానక్. ఐదో గురువు రాసినా, తొమ్మిదో గురువు రాసినా పాటలో ముద్ర మాత్రం 'నానక్' అనే ఉంటుంది కాబట్టి ఎవరు రాశారో ఈ అంకె చూస్తేనే తెలిసేది. ఘరు అనేది ఎలా పాడాలో చెప్పే గుర్తు. దాని అర్థం మీద సంగీతజ్ఞులు ఇప్పటికీ వాదించుకుంటారు, మనం అందులోకి పోవద్దు. పాట మధ్యలో 'రహాఉ' అని ఒక మాట వస్తుంది. అక్కడ ఆగు, మళ్లీ మళ్లీ అక్కడికే రా అని. మన పల్లవే అనుకోండి, కాకపోతే చాలాసార్లు మొదటి చరణం అయిపోయాక వస్తుంది.

వీటన్నిటికంటే నాకు ముచ్చటగా అనిపించేది తెల్లవారుజామున గురుద్వారాల్లో పాడే 'ఆసా దీ వార్' మీద ఉన్న సూచన. 'టుండే అసరాజై కీ ధునీ' అని ఉంటుంది. అంటే చెయ్యి తెగిన అసరాజు అనే రాకుమారుడి వీరగాథ ఏ బాణీలో పాడతారో, ఆ బాణీలో దీన్నీ పాడమని. ఆ వీరగాథ అప్పటి పల్లెల్లో జానపద గాయకులు పాడుకునేది. పరమాత్మ గురించిన పాటను పల్లెలో అందరికీ నోటికొచ్చిన యుద్ధం కథ బాణీలో పాడమని గ్రంథంలోనే రాసి పెట్టారన్నమాట. ఇలాంటి ధుని సూచనలు, అంటే బాణీ సూచనలు, తొమ్మిది 'వార్' రచనలకు ఉన్నాయి. వార్ అంటే వీరగాథల నమూనాలో సాగే పెద్ద రచన. పెళ్లికొడుకును గుర్రమెక్కించేటప్పుడు పాడే పాటల నమూనాలో 'ఘోడియాఁ', చావింట్లో ఏడ్పుపాటల నమూనాలో 'అలాహణియాఁ' కూడా ఉన్నాయి. మన వాగ్గేయకారులు సువ్వి పాటల్నీ లాలి పాటల్నీ దేవుడి దగ్గరికి తీసుకెళ్లినట్టే.

ఇంకో సంగతి. ఈ సంగీతాన్ని నానక్ పక్కన కూర్చుని రబాబ్ అనే తీగల వాద్యం మీద మొదట వాయించినవాడు భాయి మర్దానా, ముస్లిం. ఆ తర్వాత కూడా తరతరాలుగా రబాబీలు అనే ముస్లిం గాయక కుటుంబాలు గురుబాణీ, అంటే ఈ గ్రంథంలోని పాటలు, పాడుతూ వచ్చాయి. అమృత్‌సర్ స్వర్ణమందిరంలో 1947 దాకా పాడారు. విభజన రోజుల్లో వాళ్లు సరిహద్దు దాటాల్సి వచ్చింది. పూరన్ సింగ్ బతికి ఉన్నంత కాలం ఆ గొంతులు అక్కడ వినిపిస్తూనే ఉన్నాయి. ఇది గుర్తుంచుకోండి, ఆయన కవిత ఒకటి అర్థం కావడానికి పనికొస్తుంది.

సరే, ఇలాంటి ఇంట్లో పుట్టినవాడికి కవిత్వం అంటే పాడేది. రాగం, తాళం, పల్లవి, ముద్ర అన్నీ అమరి ఉన్నది. అలాంటివాడు ప్రాస లేదు, మాత్రల లెక్క లేదు, ఒక పాదం జానెడు, ఒక పాదం బారెడు అన్నట్టు ఎందుకు రాశాడు? చిక్కుముడి ఇదీ.

పూరన్ సింగ్ పుట్టింది ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న అబ్బోటాబాద్ దగ్గర సల్హడ్ అనే ఊళ్లో. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. చుట్టూ పఠాన్లు, కొండలు. ఆయన పంజాబీలో ఆ వాయవ్య కొండప్రాంతపు యాస చివరిదాకా పోలేదు, లాహోర్ పండితుల భాష అంటలేదు. రావల్పిండిలో, లాహోర్‌లో చదువుకుని, స్కాలర్‌షిప్ మీద 1900లో జపాన్ వెళ్లాడు. టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం, అందులోనూ ఔషధాల వైపు. అప్పటి మన కుర్రాళ్లు ఇంగ్లండ్ వెళ్లి బారిస్టర్లో ఐ.సి.ఎస్.లో అయ్యేవారు. జపాన్ వెళ్లేది ఏదో ఒక పరిశ్రమ నేర్చుకుని వచ్చి ఇక్కడ పెట్టాలనుకునేవాళ్లు. ఈయనా అదే లెక్కలో వెళ్లాడు.

కానీ అక్కడ జరిగింది వేరు. బౌద్ధం ఆకట్టుకుంది, భిక్షువయ్యాడు. సిక్కు ఇంట్లో పుట్టినవాడికి ఇది మాటవరసకు చెప్పుకునే మార్పు కాదు. భిక్షువు కావాలంటే తల గొరిగించుకోవాలి, సిక్కుకు కేశాలు గురువు ఇచ్చిన గుర్తు. ఒక కత్తెర పోటుతో ఇంటికీ ఆయనకూ మధ్య తెగిపోయిందేమిటో మనం ఊహించుకోవచ్చు. ఆ తర్వాత 1902లో స్వామి రామతీర్థ టోక్యో వచ్చాడు. విచిత్రం చూడండి, రామతీర్థ కూడా పంజాబీనే, గుజ్రాన్‌వాలా వైపువాడు, సన్యసించక ముందు లాహోర్‌లో లెక్కల ప్రొఫెసర్. లాహోర్‌లో ఎదురుపడని ఇద్దరు పంజాబీలు టోక్యోలో కలుసుకున్నారు. పూరన్ సింగ్ ఆయన మాటకు మంత్రముగ్ధుడై వేదాంతి అయిపోయాడు. 'థండరింగ్ డాన్' అని ఇంగ్లీషులో ఒక పత్రిక కూడా మొదలుపెట్టాడు. పేరులోనే ఉరుములున్నాయి, లోపల ఎంత ఆవేశం ఉండి ఉంటుందో చెప్పక్కర్లేదు.

టోక్యోలోనే ఇంకో పరిచయం కూడా అయింది: విట్‌మన్ కవిత్వం. అమెరికన్ కవిని, జపాన్‌లో, ఒక పంజాబీ కుర్రాడు చదివాడు. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

1903లో కాషాయంతో ఇండియాకు తిరిగొచ్చాడు. ఇంట్లోవాళ్లు ఊరుకోలేదు, అంతకు ముందే కుదిర్చిన సంబంధం ఉంది. 1904 మార్చి 4న మాయాదేవితో పెళ్లయింది. 'మాయ'ను వదిలేశానన్న సన్యాసికి భార్య పేరు మాయాదేవి. ఇది నేను కల్పించింది కాదు. ఆ తర్వాత లాహోర్‌లో భాగస్వాములతో కలిసి సుగంధ తైలాల బట్టీలు పెట్టాడు. వాము నుంచి థైమాల్, సోంపు నూనె, నిమ్మ నూనె తీసేవాడు. భాగస్వాములతో చెడింది. కోపమొచ్చి బట్టీలు తానే పగలగొట్టేశాడు. కొన్నాళ్లు లాహోర్‌లో సాంకేతిక విద్యాసంస్థకు ప్రిన్సిపాల్, కొన్నాళ్లు డెహ్రాడూన్ దగ్గర దోయీవాలాలో సబ్బుల ఫ్యాక్టరీ. 1907లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో కెమిస్ట్‌గా చేరాక పదకొండేళ్లు ఒక చోట నిలిచాడు. ఆయన జీవితంలో ఇంత పొడుగు నిలకడ ఇదొక్కటే.

అక్కడ ఉద్యోగం చేస్తుండగానే 1912లో సియాల్‌కోట్‌లో సిక్కు విద్యా మహాసభకు వెళ్లాడు. అక్కడ భాయి వీర్ సింగ్ కలిశాడు. వీర్ సింగ్ అప్పటికే పంజాబీలో పెద్ద కవి, పెద్దమనిషి. ఆ పరిచయంతో పూరన్ సింగ్ తిరిగి సిక్కు అయ్యాడు, చివరిదాకా అలాగే ఉన్నాడు.

ఇది ఒక మనిషి చంచలత్వం అని తీసిపారేసే ముందు ఆనాటి లాహోర్‌ని తలచుకోవాలి. ఆర్యసమాజం జోరు మీదుంది. సిక్కులు హిందువుల్లో భాగమా కాదా అని కరపత్రాల యుద్ధం నడుస్తోంది. కాహన్ సింగ్ నాభా 'హమ్ హిందూ నహీఁ' అని పుస్తకమే వేశాడు. క్రైస్తవ మిషన్ స్కూళ్లు, ఇస్లామిక్ సంస్కర్తలు, బ్రహ్మసమాజం అందరూ ఉన్నారు. చదువుకున్న ప్రతి కుర్రాడినీ 'నువ్వెవరు' అని నలుగురు నాలుగు వైపుల నుంచి అడిగే కాలం. ఎక్కువమంది ఒక పార్టీ చూసుకుని స్థిరపడ్డారు. ఈయన ఒక్కొక్క ఇంట్లోకీ వెళ్లి కొన్నాళ్లు కాపురం ఉండి చూశాడు. తేడా అదే. వెళ్లిన చోటల్లా మనసు పెట్టాడు, వచ్చేటప్పుడు ఏదో ఒకటి వెంట తెచ్చుకున్నాడు. సిక్కు అయ్యాక కూడా స్వామి రామతీర్థ జీవితకథ రాశాడు, జపాన్‌ని ప్రేమగా తలచుకుంటూనే ఉన్నాడు.

ఇప్పుడు విట్‌మన్ సంగతి.

1923లో 'ఖుల్హే మైదాన్', 'ఖుల్హే ఘుండ్' అని రెండు పంజాబీ కవితా సంపుటాలు వచ్చాయి. తెరిచిన మైదానాలు, తొలగిన మేలిముసుగులు. ఆ తర్వాత 'ఖుల్హే అస్మానీ రంగ్', వ్యాసాలకు కూడా 'ఖుల్హే లేఖ్' అనే పేరు. ప్రతిదానికీ 'ఖుల్హే' అని పెట్టడం చూస్తేనే తెలుస్తుంది, మనిషికి దడులూ కంచెలూ గిట్టవు. మన దగ్గర ప్రాసా గణాలూ వదిలేసిన పఠాభి పుస్తకం 1939లో వచ్చి గగ్గోలు రేపింది. పంజాబీలో ఆ పని అంతకు పదహారేళ్ల ముందు జరిగింది. గగ్గోలు అక్కడా ఉంది. పొడుగు పాదాలు, జాబితాలు జాబితాలుగా పేర్లు, ఒకే మాట మళ్లీ మళ్లీ వాక్యం మొదట్లో రావడం, నదులనీ దున్నేవాళ్లనీ కుమ్మరులనీ పేరు పెట్టి పిలవడం. విట్‌మన్‌ని చదివినవాళ్లు వెంటనే 'ఓ, ఇదా' అనేస్తారు.

అనడంలో తప్పు లేదు. పూరన్ సింగ్ ఎన్నడూ దాచలేదు. హిందీలో విట్‌మన్ మీద వ్యాసమే రాశాడు, దాని పేరు 'అమెరికా కా మస్త్ యోగీ వాల్ట్ విట్‌మైన్'. ఆ పేరు దగ్గర కాస్త ఆగాలి. విట్‌మన్‌ని 'గొప్ప కవి' అనలేదు, 'కొత్త దారి వేసినవాడు' అనలేదు. మస్త్ యోగి అన్నాడు. పరవశంలో ఊరూరూ తిరిగే ఫకీరును ఏ మాటతో పిలుస్తారో ఆ మాట. అంటే విట్‌మన్ ఆయనకు పరాయివాడిలా తగల్లేదు. ఎక్కడో విన్న గొంతులా తగిలాడు.

ఎక్కడ విన్నాడు? నా లెక్క ప్రకారం, ఇంట్లో, తెల్లవారుజామున.

గురు గ్రంథంలో అన్నీ రాగాల కింద ఉన్నాయని పైన అన్నాను. మినహాయింపులు కొన్ని ఉన్నాయి, అందులో ఒకటి మొట్టమొదటే. మొదటి పేజీలో మొదలయ్యే జప్‌జీకి రాగం పేరు లేదు. సిక్కులు రోజూ పొద్దున్నే చదువుకునే నానక్ రచన అది, 38 పౌడీలు, అంటే మెట్లు. దాన్ని చదువుతారు, లోగొంతుకతో వల్లిస్తారు. ఆ మెట్లు ఒక్క ఎత్తున ఉండవు. కొన్ని నాలుగు చిన్న పాదాలతో అయిపోతాయి, కొన్ని చాంతాడంత సాగుతాయి. పదిహేడో పౌడీ చూడండి: 'అసంఖ్ జప్ అసంఖ్ భాఉ, అసంఖ్ పూజా అసంఖ్ తప్ తాఉ'. లెక్కలేనన్ని జపాలు, లెక్కలేనన్ని ప్రేమలు, లెక్కలేనన్ని పూజలు, లెక్కలేనన్ని తపస్సులు, ఇలా భక్తులు, యోగులు, శూరులు అందరినీ పిలుచుకుంటూ పోతుంది. సరే, మంచివాళ్ల జాబితా అనుకుంటాం. పద్దెనిమిదో పౌడీ రాగానే 'అసంఖ్ మూరఖ్ అంధ్ ఘోర్, అసంఖ్ చోర్ హరామ్‌ఖోర్'. మూర్ఖులు, దొంగలు, గొంతుకోసేవాళ్లు, అబద్ధాలకోర్లు కూడా అదే జాబితాలో, అదే లయలో, లెక్కలేనంతమంది. మంచీ చెడ్డా ఒకే ఊపిరిలో పేర్లు పెట్టి పిలవడం విట్‌మన్ చేస్తే ప్రపంచం ఆశ్చర్యపోయింది. సిక్కు ఇంట్లో చిన్నపిల్లవాడికి అది రోజూ స్నానం చేశాక వినబడే మాట.

ఇంకా తమాషా ఏమిటంటే, ఇరవై ఏడో పౌడీ 'సో దర్' అన్నిటిలోకీ పొడుగైనది, దాని పాదాలు పొడుగ్గా సాగుతాయి. అదే రచన చిన్న తేడాలతో ఎనిమిదో పేజీలో మళ్లీ వస్తుంది, ఈసారి నెత్తిన 'రాగ్ ఆసా' అని రాసి ఉంటుంది. పొద్దున వల్లించే జప్‌జీలో రాగం లేకుండా, సాయంత్రం ప్రార్థనలో ఆసా రాగం పేరుతో. పొడుగు పాదాలు పాటకు అడ్డం కాలేదు. అంటే ఛందస్సు, సంగీతం రెండూ ఒకటే కాదన్నది పూరన్ సింగ్ విట్‌మన్ దగ్గర నేర్చుకోవాల్సిన పాఠం కాదు. ఇంటి పుస్తకం మొదటి పది పేజీల్లోనే ఉంది.

ప్రాస లేని పాదం కూడా పంజాబీకి విదేశీ సరుకు కాదు. 'సిర్‌ఖండీ' అని పాత ఛందస్సు ఒకటుంది, తల తెగినది అని అర్థం చెప్పుకోవచ్చు. పాదం చివర రావాల్సిన ప్రాస అక్కడ రాదు, మధ్యలో విరుపు దగ్గర వస్తుంది. 'చండీ దీ వార్' అనే యుద్ధగాథలో కత్తుల చప్పుడు వినిపించేది ఈ నడక వల్లే. భాయి వీర్ సింగ్ తన పెద్ద కావ్యం 'రాణా సూరత్ సింగ్'ని 1905లో ఈ ఛందస్సులోనే రాశాడు. అంటే పూరన్ సింగ్‌ని మళ్లీ సిక్కుని చేసిన మనిషే అప్పటికి ఏడేళ్ల ముందు అంత్యప్రాసను పక్కన పెట్టి చూపించాడు. పూరన్ సింగ్ ఒక అడుగు ముందుకేసి మాత్రల లెక్క కూడా వదిలేశాడు.

విట్‌మన్ వైపు నుంచి చూసినా ఇదే కథ. ఆయన పొడుగు పాదాల్లో ఇంగ్లీషు బైబిల్ లయ ఉందని విమర్శకులు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఒకే భావాన్ని రెండు మూడు రకాలుగా తిప్పి చెప్పే కీర్తనల లయ. ఇటాలియన్ ఒపేరా అంటే ఆయనకు ప్రాణమని, అది లేకపోతే ఆ కవిత్వం పుట్టేది కాదని ఆయనే చెప్పుకున్నాడు. అంటే అక్కడా వచన కవిత వెనకాల ఉన్నది ఒక మతగ్రంథ పారాయణం, ఒక పాటకచేరీ. టోక్యోలో పూరన్ సింగ్ చదివింది గుడీ పాటా రెండూ కలిసిన లయని. అది చేత్తో పట్టుకోగానే తన గుడి, తన పాట గుర్తొచ్చి ఉంటాయి. ఇదంతా ఆయన సూత్రాలుగా రాసి పెట్టలేదు, కవితలు పక్కపక్కన పెట్టి చూసి నేను చెప్పే మాట. ప్రభావం లేదని అనడం లేదు. అరువు తెచ్చుకోవడం వేరు, ఎవరో వాకిట్లో నిలబడి పిలిస్తే మన గొంతు మనకు గుర్తురావడం వేరు.

అలాగని ఆయన రాసిందంతా మేలిమి బంగారం అనను. ఇంగ్లీషు గద్యం మరీ తీపి. 'ది బుక్ ఆఫ్ టెన్ మాస్టర్స్' లాంటివి చదువుతుంటే పేజీకి పది గులాబీలు, ఇరవై కన్నీటి చుక్కలు. నాలుగు పేజీలయ్యాక నాకు మంచినీళ్లు కావాలనిపించింది. పంజాబీ కవితలు అలా కాదు. పంజాబీలో ఆయనకు బర్రెలున్నాయి, నాగలి ఉంది, చర్ఖాలున్నాయి, రావి, చీనాబ్ నదులున్నాయి. ఆ నేల మీద కాలు పెడితే ఆయన మాట తేలిపోదు.

పంజాబీలు ఎక్కువగా ఉటంకించే ఆయన మాట ఒకటుంది: 'పంజాబ్ న హిందూ న ముసల్మాన్'. పంజాబ్ హిందువూ కాదు, ముస్లిమూ కాదు. సభల్లో ఇంతవరకు చెప్పి చప్పట్లు కొట్టించుకుంటారు. తర్వాతి పాదం 'పంజాబ్ సారా జీందా గురూ దే నామ్ తే', పంజాబ్ మొత్తం గురువు పేరు మీదే బతుకుతోంది. ఇది చెప్పకపోతే మతసామరస్యం నినాదం, చెబితే సిక్కు కవి గర్వం అన్నట్టు ఇద్దరు రెండు వైపులా లాగుతారు. నాకు ఆ రెండో పాదం లేకపోతే మొదటిది బోలుగా వినిపిస్తుంది. ఆయన దృష్టిలో గురువు పేరు అంటే జనాభా లెక్కల్లో ఒక గడి కాదు. మర్దానా రబాబ్ తీగ మీద వేలు పెట్టినప్పటి నుంచి ఆ నేల మీద మోగుతున్నది. దాన్ని వాయించింది ముస్లిం, అందులో షేక్ ఫరీద్ సూఫీ, కబీర్ నేతపనివాడు, నామ్‌దేవ్ మరాఠీ దర్జీ. అందరి పాటలూ ఆ గ్రంథంలో రాగాల కింద వరుసలో ఉన్నాయి. అయినా, హిందువుకో ముస్లింకో ఆ రెండో పాదం వింటే మా ఇంటి మీద మీ పేరు బోర్డు పెట్టారేమిటి అనిపించవచ్చు. ఆ ఇబ్బంది కూడా నిజమే. కవితలో ఆ ముడి అలాగే ఉంది, విప్పాలని ఆయనా చూడలేదు.

కెమిస్ట్ సంగతి మరిచిపోలేదు. 1918లో డెహ్రాడూన్ ఉద్యోగం మానుకున్నాక పటియాలా, తర్వాత గ్వాలియర్ సంస్థానం. గ్వాలియర్‌లో ఎండకు మాడే బీడు భూముల్లో సువాసన నూనెనిచ్చే రోషా గడ్డి, యూకలిప్టస్ పెంచాడు. ఆ పైన సరయాలో సర్ సుందర్ సింగ్ మజీఠియా చక్కెర మిల్లు. అప్పట్లో చక్కెరను తెల్లగా చేయడానికి ఎముకల బొగ్గు వాడేవారు. అది లేకుండా శుద్ధి చేసే పద్ధతి ఒకటి కనిపెట్టాడు. లండన్‌లో 'సిస్టర్స్ ఆఫ్ ది స్పిన్నింగ్ వీల్' అచ్చయి కవిగా పేరొచ్చాక కూడా ఆయన రోజంతా గడిచింది ఇలాంటి పనుల్లోనే.

1926లో నన్‌కానా సాహిబ్ దగ్గర చక్ నంబరు 73/19 అనే ఊళ్లో నేల లీజుకు తీసుకుని రోషా గడ్డి వేశాడు. నన్‌కానా సాహిబ్ అంటే నానక్ పుట్టిన ఊరు. రోషా మన నిమ్మగడ్డికి దాయాది, కానీ వాసన గులాబీకి దగ్గర. అత్తరు వ్యాపారులు గులాబీ నూనెలో కలపడానికి కొనేది దీన్నే. పూత మీదున్నప్పుడు కోస్తారు, కాస్త వాడనిస్తారు, బట్టీలో కుక్కి కింద నుంచి ఆవిరి పట్టిస్తారు. ఆవిరి గొట్టంలో చల్లబడి నీళ్లుగా దిగుతుంది, ఆ నీళ్ల మీద పలచగా నూనె తేలుతుంది. బండెడు గడ్డి ఉడికిస్తే వచ్చే నూనె సీసాల్లోకి సరిపోతుంది. రోజంతా ఆ బట్టీ దగ్గరుంటే బట్టలకు, గడ్డానికి, రాసుకునే కాగితాలకు కూడా ఆ వాసన పట్టే ఉంటుంది. అక్కడే ఆయనకు రాసుకోవడానికి తీరిక దొరికింది.

1928లో వరదొచ్చింది. తోట బాగా దెబ్బతింది, అప్పటిదాకా పెట్టిన డబ్బు నీళ్లపాలైంది. రాతప్రతులు మాత్రం బయటికి తెచ్చుకోగలిగాడు. 1930లో క్షయ పట్టుకుంది, తోట వదిలి రావాల్సి వచ్చింది. 1931 మార్చి 31న డెహ్రాడూన్‌లో పోయాడు. మరో పదహారేళ్లకు పుట్టిన సల్హడ్, రోషా వేసిన చక్, రావల్పిండి, లాహోర్ అన్నీ సరిహద్దు అవతలికి వెళ్లాయి.

రాసిపెట్టినవి చాలా ఆ తర్వాతే వెలుగు చూశాయి. అందులో ఒకటి ఇంగ్లీషులో ఉన్న పుస్తకం, ఆయన పోయిన అర్ధశతాబ్దానికి, 1980లలో పటియాలాలోని పంజాబీ విశ్వవిద్యాలయం అచ్చువేసింది. దాని పేరు 'వాల్ట్ విట్‌మన్ అండ్ ది సిఖ్ ఇన్‌స్పిరేషన్'.